సగం మాట

దుత్తలూరు అవతలి పల్లెలో సురేంద్రబాబు పెద్దమనిషి. అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని, వచ్చినవాడి మొహం చూసే సంగతి తేల్చేస్తాడు. ఎవరైనా నాలుగు మాటలన్నారో లేదో ఆయన కుడి చెయ్యి పైకి లేస్తుంది. "అర్థమైందిలేరా" అంటాడు. తీర్పు కూడా అప్పుడే చెప్పేస్తాడు. మనుషుల్ని తనంత చురుగ్గా చదివేవాడు ఆ చుట్టుపక్కల లేడని ఆయన నమ్మకం. భార్య వెంకమ్మ మాత్రం ఆయనతో ఏదైనా చెప్పాలంటే ఆఖరి మాటే ముందు చెప్పడం అలవాటు చేసుకుంది.

గాలివాన వెలిసిన పొద్దున పక్క చేని మల్లికార్జున రొప్పుతూ వచ్చాడు. అతనికీ సురేంద్రబాబుకీ గట్టు తగాదా ఉంది.

"అన్నా, మీ గట్టు మీద..."

చెయ్యి లేచింది. "గట్టు సంగతి ఆదివారం మాట్లాడదాం. అర్థమైందిలే, పో."

"అది కాదన్నా..."

"పొమ్మంటినా!"

మల్లికార్జున లైన్‌మన్‌ను వెతుక్కుంటూ పరుగెత్తాడు. అతన్ని వెంటబెట్టుకుని చేనికి చేరేసరికి, రోజూలాగే గడ్డికి వెళ్లిన వెంకమ్మ గట్టు మీద పడి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు సురేంద్రబాబు తనంతట తానే మల్లికార్జున ఇంటికి వెళ్లి, గడప దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"ఆ పొద్దు నువ్వేం చెప్పొచ్చినావో చెప్పరా. మొత్తం చెప్పు. వింటా."

మల్లికార్జున తల పక్కకు తిప్పుకున్నాడు.

"కరెంటు తీగ తెగి పడుండాది, వదినను అటు పోనియ్యబాకన్నా అని."

"ఆ తర్వాత?"

"అంతే అన్నా."