ఒకే మనిషి మీద రెండు పాటలు

సుగుణకుమారి పాటలు కడుతుందని, దేశం దాటి వచ్చి స్థిరపడిన టార్నీట్‌లో చాలామందికి తెలియదు. ఆమె ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సెకండ్‌హ్యాండ్ గిటారు పట్టుకుని, హాల్లో కూర్చున్న ముసలివాళ్ళకు తన పాటలే పాడేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాళ్ళు తాళం వేసేవారు. నర్సాపురంలో తండ్రి దగ్గర నేర్చుకున్న క్రైస్తవ కీర్తనల బాణీలు, మాటలు మాత్రం ఆమెవే.

తల్లిని చూడడానికి వచ్చే హెలెనా అనే ఆవిడ ఆ పాటలు వింది. బాలరాట్ అవతల ఒక చిన్న ఊళ్ళో, మూతపడిన పాత చర్చిలో ఆవిడ నెలకో ఆదివారం జానపద కచేరీ పెట్టించేది. మాటల్లో సుగుణకుమారి కొడుకు పేరు వినగానే ఆవిడ ఆగిపోయింది.

"నోవానా? బాంజో వాయించే నోవా మీ అబ్బాయా?"

ఆ చుట్టుపక్కల కచేరీలకు వెళ్ళేవాళ్ళకు నోవా పేరు అప్పటికే తెలుసు. అమెరికా పల్లెపాటల పద్ధతిలో, పాటకూ మాటకూ మధ్యగా, నెమ్మదిగా పాడతాడు. వయసు ఇరవై రెండు. తండ్రి చనిపోయిన నెలకే ఇల్లు వదిలి ఫుట్స్‌క్రేలో స్నేహితులతో ఉంటున్నాడు. తల్లి ఏనాడూ అతని కచేరీకి వెళ్ళలేదు. అతను ఏనాడూ రమ్మనలేదు.

తల్లీకొడుకులను ఒకే వేదిక మీద పాడించాలని హెలెనా పట్టుబట్టింది. సుగుణకుమారి కొడుక్కి ఫోన్ చేసింది.

"యూ వోంట్ లైక్ మై సాంగ్స్, మమ్," అన్నాడు నోవా.

"వినకుండానే ఎలా చెబుతావురా? నీ అమ్మని కదా, ఒక్కసారి విననీ."

అతను సరేనన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఎనభై మంది దాకా వచ్చారు. ముందు సుగుణకుమారి పాడింది. ప్రతి పాటకూ ముందు తనకొచ్చిన ఇంగ్లీషులో అర్థం చెప్పింది. చివరి పాట భర్త విలియం మీద. చదువుకని వచ్చి, టాక్సీ తోలి, తర్వాత బస్సు డ్రైవరై, మూడేళ్ళ కిందట గుండె ఆగి పోయిన మనిషి. తెల్లారకముందే ఆయన డ్యూటీకి లేవడం, తను ఫ్లాస్కులో టీ పోసివ్వడం, స్టీరింగ్ పట్టినా ఆరాధనలో డోలక్ పట్టినా తాళం తప్పని ఆయన చేతులు. జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. హెలెనా కళ్ళు తుడుచుకుంది.

తర్వాత నోవా వచ్చాడు. సుగుణకుమారి మొదటి వరసలో కూర్చుంది. రెండు పాటలు వాననీళ్ళలా సాగిపోయాయి. మూడో పాటకు ముందు అతను ఏమీ చెప్పలేదు. తల్లి వైపు చూడలేదు.

ఆ పాటలో ఒక చిన్న గది ఉంది. తిరుగుతున్న వాషింగ్ మెషీన్ ఉంది. యూనిఫాం విప్పకుండానే బెల్టు తీసిన ఒక బస్సు డ్రైవరు, గోడకు ఆనుకున్న ఎనిమిదేళ్ళ పిల్లాడు ఉన్నారు. తలుపు అవతల వంటగదిలో ఒక ఆడమనిషి దేవుడి పాట పాడుతోంది. పిల్లాడు ఏడ్చినకొద్దీ ఆమె గొంతు పెంచుతోంది, పక్కింటివాళ్ళకు పాటే వినపడాలని.

పాట పూర్తయ్యేసరికి హాల్లో కొందరి చూపు ఆమె మీదికి తిరిగింది. ఇందాకటి చప్పట్లు ఎవరికి కొట్టామా అని వాళ్ళు ఆలోచిస్తున్నట్టు ఆమెకు తోచింది. చివర్లో ఇద్దరూ కలిసి పాడాల్సిన పాట ఒకటి ఉంది. గొంతు బాగోలేదని హెలెనాకు చెప్పి, గిటారు పెట్టెలో పెట్టుకుని బయటికి వచ్చేసింది.

నోవా కారు దగ్గరికి వచ్చాడు.

"ఇంతమందిలో చెప్పాలా నాన్నా? నాతో చెప్పుకోకూడదా?"

"నీకు చెప్పాలా? యూ వర్ దేర్."

"నేను అడ్డొస్తే ఆయన ఇంకా రెచ్చిపోయేవాడురా. నీకు తెలీదు."

"యూ నెవర్ ట్రైడ్. ఐ జస్ట్ వాంటెడ్ యూ టు స్టాప్ సింగింగ్, మమ్. జస్ట్ వన్స్."

అతను లోపలికి వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఆ పాట రేడియోలో వచ్చింది. తెలుగు క్రైస్తవ సంఘంలో అందరి ఫోన్లకూ చేరింది. విలియం ఇరవయ్యేళ్ళు డోలక్ వాయించిన సంఘం అది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు సుగుణకుమారిని పక్కకు పిలిచారు.

"పోయిన మనిషి పేరు పాడుచేశాడమ్మా అబ్బాయి. నలుగురూ నలభై రకాలుగా అనుకుంటున్నారు. ఇదంతా నిజం కాదని నువ్వొక్క మాట చెబితే సరిపోద్ది."

సుగుణకుమారి చుట్టూ చూసింది. విలియం పోయిన రోజున ఇంటి నిండా అన్నం క్యారేజీలు తెచ్చినవాళ్ళు, సమాధి దగ్గర తనను పట్టుకుని నిలబెట్టినవాళ్ళు, అందరూ వింటున్నారు.

"పాట కోసం కల్పించాడండి," అంది. "వాళ్ళ నాన్నంటే వాడికి ప్రాణం."

పాస్టరమ్మగారు ఆమె భుజం తట్టి, ఆ మాటనే సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అది నోవాకు చేరింది. అతను ఫోన్ చేసి తిట్టలేదు. మెసేజీ కూడా పెట్టలేదు. ఆమె నంబరు బ్లాక్ చేశాడు.

సుగుణకుమారి రెండుసార్లు ఫుట్స్‌క్రే వెళ్ళింది. మొదటిసారి ఇంట్లో లేడన్నారు. రెండోసారి అతనే తలుపు తీశాడు. ఆమె తెచ్చిన రొయ్యల వేపుడు డబ్బా అందుకుని, థాంక్స్ అన్నాడు. లోపలికి రమ్మనలేదు.

"నిజమేనని వాళ్ళందరితో చెబుతాన్రా," అంది గుమ్మంలోనే.

"చెప్పాక రా, మమ్," అని తలుపు వేసుకున్నాడు.

ఆరు ఆదివారాలు గడిచాయి. ప్రతి ఆదివారం ఆమె చర్చికి వెళుతోంది, తమ బతుకులో జరిగింది సంఘం ముందు సాక్ష్యంగా చెప్పేవాళ్ళను లేచి నిలబడమన్నప్పుడు బెంచీ అంచు పట్టుకుని అలాగే కూర్చుంటోంది.