గేటు దగ్గర ఆపిన సాక్షి

ముసలి సాక్షి చెయ్యి పట్టుకుని వకీలమ్మ లోపలికి వెళ్లబోతే, తోటి వకీళ్లే కోర్టు గేటుకు అడ్డం నిలబడ్డారు. కోర్టును ఊరి చివరి భవనంలోకి మార్చొద్దని ఆ వారమంతా విధుల బహిష్కరణ. వార్త రాయడానికి వెళ్లిన నేను పక్కనే ఉన్నాను.

సాక్షి రిటైరైన గని కార్మికుడు. బెల్లంపల్లి నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. తనతో పాతికేళ్లు బొగ్గుబాయిలోకి దిగి, గోదావరిఖనిలో డ్యూటీ మీదే చనిపోయిన జోడీదారు ఎవరో చెప్పాలి. పని కాగితం అప్పట్లో ఆ జోడీదారు వాళ్లన్న పేరు మీద వచ్చింది. అన్న భూమి కిందికి దిగడానికి భయపడితే, అదే కాగితంతో తమ్ముడు దిగాడు. మా కార్మికుల కాలనీలో ఇంట్లో ఒక పేరు, హాజరు వేసే మస్టరులో ఒక పేరు ఉన్నవాళ్లు చాలామందే ఉండేవారు. బొగ్గు తవ్వినన్నాళ్లూ ఆ తేడా ఎవరికీ పట్టలేదు. మనిషి పోయి, కూతురు వారసత్వ ఉద్యోగం అడిగాక మాత్రం, రికార్డులో ఉన్నది మీ నాన్న కాదన్నారు కంపెనీవాళ్లు. అన్న అంతకుముందే పోయాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని తేల్చమని ఈ వకీలమ్మ ఫీజు తీసుకోకుండా దావా వేసింది. ఆ అమ్మాయికి వయోపరిమితి దాటడానికి ఇక నెలలే ఉన్నాయి.

వచ్చే నెల రమ్మని ఒక సీనియర్ వకీలు ముసలాయనకు నచ్చజెప్పబోయాడు.

"మేం సమ్మె జేస్తే మస్టర్లు కోసిండ్రు. మీకేం కోస్తరు సారూ?" అన్నాడాయన.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. ముసలాయన నవ్వలేదు.

"వచ్చే నెల దాంక ఉంటనో లేదో నా ఊపిరితిత్తుల నడుగున్రి. వాడు నా పక్క పొంటి తట్ట మోసిండు. గా ఒక్క మాట చెప్పి పోత."

వకీలమ్మ ఆయన్ని పక్క దారిన లోపలికి తీసుకెళ్లింది. కేసు పిలిచారు. కంపెనీ తరఫు వకీలు బహిష్కరణలో ఉన్నాడు. ఆయన లేకుండా సాక్ష్యం తీసుకోలేమని వాయిదా వేశారు. సాయంత్రానికల్లా న్యాయవాదుల సంఘం ఆమెను సస్పెండ్ చేసింది. పేదలకు ఉచిత న్యాయం గురించి అంతకు ముందు వారమే సభ పెట్టి, శాలువాలు కప్పుకున్నది కూడా ఆ సంఘమే.

నేను ముసలాయన మాటతో సహా మొత్తం రాసి పంపాను. పొద్దున పేపర్లో వకీళ్ల నినాదాల ఫోటో వచ్చింది, కింద "న్యాయవాది సస్పెన్షన్" అని మూడు లైన్లు. డెస్కుకు ఫోన్ చేసి అడిగితే, స్థలం లేదన్నారు. ఆ కోపం నాకు ఇవాళ్టికీ తగ్గలేదు. ముప్పై ఏళ్లు ఈ పని చేశాను, స్థలం ఎవరికి ఉంటుందో నాకు తెలియనిది కాదు.

కోర్టు అక్కడే ఉంది, మార్చలేదు. ఆమె సస్పెన్షన్ ఎత్తెయ్యలేదు. దావా మరో మూడు వాయిదాలు పడింది. ముసలాయన దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. సాక్ష్యం ఇంకా నమోదు కాలేదు. వచ్చే నెలతో ఆ అమ్మాయికి వయసు దాటిపోతుంది.