వందన సమర్పణ నా వంతు

వందన సమర్పణ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. సభల్లో అది చిట్టచివరి పని. అప్పటికి ఉపన్యాసాలన్నీ అయిపోయి ఉంటాయి, జనం చెప్పులు వెతుక్కుంటుంటారు, టెంటువాడు కుర్చీలు మడుస్తుంటాడు. ఆ చప్పుడులో ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి, వచ్చినవాళ్ళందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. ఎనభైల మొదట్లో కరీంనగర్‌లో, రెండేళ్ళకు పైగా, ఆ ఎవరో ఒకరు నేనే.

అప్పుడు నేనొక పల్లెటూరి బడిలో టీచర్ని. మాది హుస్నాబాద్ దగ్గర ఊరు. కరీంనగర్‌లో అక్కాబావల ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో బడికి వెళ్ళివచ్చేదాన్ని. పిల్లల ముందు నా గొంతుకు అడ్డు లేదు. పెద్దవాళ్ళ ముందు మాత్రం నోట్లో నాలుక లేనిదాన్ని. మా ఇంట్లో మాట్లాడేది బాపు ఒక్కడే, మిగిలినవాళ్ళం వినేవాళ్ళం. అలా పెరిగినదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి "మీ క్లాసులో ఎంతమంది?" అని అడిగితే, రోజూ హాజరు వేసేదాన్నై ఉండి కూడా నీళ్ళు నమిలాను. నా బదులు హెడ్మాస్టరు గారు జవాబు చెప్పారు, అదీ తప్పు. తప్పని తెలిసి కూడా నోరు మెదపలేకపోయాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

బావ చూసి నవ్వాడు. "ఏడ్సుడెందుకు మరదలా? ఆదివారం నాతోటి రా. మా క్లబ్బుల మూగోళ్ళు గూడ లీడర్లయితరు."

ఆ క్లబ్బు సభల్లో మాట్లాడడం నేర్చుకునేవాళ్ళది. ప్రతి ఆదివారం సాయంత్రం గ్రంథాలయం వెనక గదిలో కూడేవాళ్ళు. వకీళ్ళు, లెక్చరర్లు, ఒక బీమా ఏజెంటు, కొందరు వ్యాపారులు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. నడిపించేది రిటైరైన ఒక హెడ్మాస్టరు. అందరూ ఆయన్ని పెద్దసారు అనేవాళ్ళు. ప్రతి వారం నిజం సభలాగే జరగాలని ఆయన నియమం. ఒకరు అధ్యక్షుడు, ఒకరు ముఖ్య అతిథి, నలుగురైదుగురు వక్తలు. ఒక్కొక్కరికి ఒక విషయం ఇస్తారు, ఐదు నిమిషాలు మాట్లాడాలి. సమయం దాటితే పెద్దసారు ఇత్తడి గంట కొడతారు.

మొదటి ఆదివారం నాకూ ఒక విషయం ఇచ్చారు. "సభకు నమస్కారం" అన్నాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. పాపం, పెద్దసారు గంట కూడా కొట్టలేదు. నేనే వచ్చి కూర్చున్నాను.

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నారాయన. "చిన్న పనితోటి షురూ చేద్దాం. వచ్చేవారం నువ్వు వందన సమర్పణ చెయ్యి. నలుగురి పేర్లు చెప్పి దండం పెట్టుడే గద."

నిజం చెప్పాలి, అది పనిచేసింది. కొన్నాళ్ళకు మైకు ముందు పేర్లు తడబడకుండా చెప్పగలిగాను. ఎలా నిలబడాలో పెద్దసారే నేర్పారు. సగం వేదిక వైపు తిరగాలి, పెద్దలకు వీపు చూపించకూడదు. కాలి చెప్పుల చప్పుడును, చాయ్ గ్లాసుల చప్పుడును దాటి గొంతు ఎలా పంపాలో నాకు నేనే నేర్చుకున్నాను. ఆ సంతోషం నాకు తక్కువేమీ కాదు. బస్సులో కండక్టరుతో కూడా గట్టిగా మాట్లాడుతున్నానని అక్క మురిసిపోయింది.

తంటా ఏమిటంటే, నేను అక్కడే ఆగిపోయాను. ఆరు నెలలు గడిచాక పెద్దసారును అడిగాను, "నాకు కూడా ఒక విషయం ఇయ్యండి సార్, ఇప్పుడు మాట్లాడుత" అని.

"నీ తీరుగ వందన సమర్పణ ఎవలు చేస్తరు బిడ్డా? నువ్వు లేకుంటే సభకు నిండుదనమే లేదు," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మెచ్చుకుంటూ మూల కూర్చోబెట్టడమంటే అదే. నా తర్వాత చేరిన రైసుమిల్లు యజమాని 'సభాధ్యక్షులు' అనబోయి మూడుసార్లు తడబడేవాడు. ఆయనకు నెల తిరక్కుండానే 'స్త్రీ విద్య ఆవశ్యకత' మీద మాట్లాడే అవకాశం ఇచ్చారు. ఆయన గంట కొట్టినా దిగలేదు. స్త్రీ విద్య గురించి ఆయన చెప్పిన దానికి ధన్యవాదాలు చెప్పింది నేను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనివాళ్ళను ఏమనాలో మాత్రం ఆ సామెత చెప్పదు. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ బావతో అన్నాను, "నేను మీ ఆటల అరటిపండునా?" అయినా మరుసటి వారం నుంచి నేనే ముందు చెప్పులు వేసుకుని బయల్దేరాను కాబట్టి, నా కోపాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మూలనే ఉండి ఒక సంగతి మాత్రం కనిపెట్టాను. వందన సమర్పణ మొదలవగానే అందరూ లేస్తారు. కానీ తన పేరు వినపడేదాకా ఎవడూ గడప దాటడు. ఒక కాలు చెప్పులో పెట్టి, రెండో కాలు బయట ఉంచి, చెవి ఇటు వేసి నిలబడతాడు. పేరు చెప్పి దండం పెట్టామా, ఇక క్షణం ఆగడు. ఒక ఆదివారం కావాలనే అధ్యక్షుడి పేరు, ముఖ్య అతిథి పేరు చిట్టచివరికి జరిపాను. ముందు చాయ్ తెచ్చినతనికి, గది ఊడ్చిన ఆమెకు, వానకు, కరెంటుకు వందనాలు చెప్పాను. వేదిక మీది పెద్దలు కదలకుండా నిలబడ్డారు. బావకు అర్థమైంది. "మామూలుదానివి కావు మరదలా," అన్నాడు దారిలో.

ఇక మా బడి సంగతి. అక్కడ ఏడో తరగతి వరకే ఉంది. హైస్కూలు వాగు అవతలి ఊళ్ళో. ఏడు పాసైన మగపిల్లలు సైకిలు భుజాన వేసుకుని వాగు దాటేవాళ్ళు. ఆడపిల్లల్ని పంపేవాళ్ళు కాదు. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. ఏటా నా కళ్ళ ముందే ఈ వరస. ఆ ఏడు ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. లెక్కల్లో నాకంటే వేగం. నేను బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు చెప్పి, చెప్పినందుకు సిగ్గుపడేది. వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి హైస్కూలుకు పంపమని అడిగాను.

"వాగు దాటి ఆడపిల్లనెట్ల తోలాలె పంతులమ్మా?" అంది ఆమె, చేతిలో తునికాకు చుట్టడం ఆపకుండానే. "మీ బడిల ఎనిమిది పెట్టుండ్రి, సదివిస్త. లేకుంటే గిదే చాట."

ఆ చలికాలంలోనే మా బడికి రెండు కొత్త గదులు తయారయ్యాయి. ప్రారంభించడానికి జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తాడన్నారు. ఎనిమిదో తరగతి ఇచ్చేది, ఇవ్వనిది ఆయన చేతిలోనే ఉంది. సభలో అడుగుదాం సార్ అని హెడ్మాస్టరు గారి వెంటపడ్డాను. "నువ్వు పరేషాన్ గాకమ్మా, సర్పంచు సాబు అడుగుతడు," అన్నారు. మరి నాకేం పని అంటే, "నీకు వచ్చిందే, వందన సమర్పణ," అన్నారు. నా కీర్తి కరీంనగర్ దాటి అక్కడిదాకా వచ్చినందుకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

సభ జరిగింది. సర్పంచు అతిథిని పొగడడంలో మునిగిపోయి ఎనిమిదో తరగతి మాటే మరిచిపోయాడు. హెడ్మాస్టరు గారు నివేదిక చదివారు. మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటికి వచ్చిన పెద్దమనిషి ముందు లేమి చెప్పుకోకూడదు. పెళ్ళివారికి పెరుగు చాలకపోయినా అన్నీ నిండుగా ఉన్నాయనే అంటాం. ఆ మర్యాద ప్రకారమే ఆయన, "తమ దయవల్ల మా పాఠశాలకు ఏ కొరతా లేదు" అని ముగించారు. అధికారి లేచి, ఏ కొరతా లేని ఇలాంటి పాఠశాలను జిల్లాలో చూడలేదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆ పిల్ల కూడా కొట్టింది.

నన్ను పిలిచారు. అధికారి అప్పటికే మెడలో దండ తీసేశాడు, డ్రైవరు జీపు స్టార్టు చేశాడు. నేను మైకతనితో మొదలుపెట్టాను. గదులు కట్టిన మేస్త్రికి, నీళ్ళు మోసిన కూలీలకు, టెంకాయలు తెచ్చినవాళ్ళకు, ముగ్గులు వేసిన పిల్లలకు వందనాలు చెప్పాను. అధికారి వేదిక మెట్ల మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి ఆగాడు. జీపు ఇంజను ఆగింది.

"ఇంక ముఖ్య అతిథి గారు మిగిలారు," అన్నాను. "వారికి వందనాలు ఈ రోజు చెప్పను. కట్టిన రెండు గదుల్లో ఒకటి ఖాళీగా ఉంటుంది. దాంట్లో ఎనిమిదో తరగతి పెట్టిన రోజు చెబుతాను. అది లేకపోతే ఈ ముందు వరస ఆడపిల్లలందరికీ ఇదే చివరి సంవత్సరం."

అధికారి నవ్వాడు, కోపంగా కాదు. "గది ఖాళీగా ఉందా?" అని హెడ్మాస్టరు గారిని అడిగాడు.

"ఉన్నది సార్. గానీ కొరతేం లేదు సార్," అన్నారాయన.

"చూద్దాం," అని అధికారి జీపెక్కాడు. హెడ్మాస్టరు గారు నా మీద విరుచుకుపడ్డారు. "గట్లెవలన్న అంటరా? నా నౌకరి ఏం గావాలె?" నేను మాట్లాడాల్సింది మాట్లాడేశాననే ధీమాతో ఉన్నాను.

చూద్దాం అన్న మాటకు ఎంత పొడవుంటుందో అప్పుడు తెలిసింది. జూన్ వచ్చింది, ఉత్తర్వు రాలేదు. ఆ పిల్ల చాట పట్టింది. బడికి వెళ్ళే దారిలో వాళ్ళ అరుగు మీద కనిపించేది. నన్ను చూస్తే చాట పక్కకు జరిపి లేచి నిలబడేది. ఆ లేవడం చూడలేక నేను వేరే సందులోంచి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇంకో జూన్ వస్తే గాని ఎనిమిదో తరగతి రాలేదు.

మళ్ళీ సభ. మళ్ళీ ఆ అధికారే. అందరూ మాట్లాడారు. ఎనిమిదో తరగతి తన పట్టుదల వల్లే వచ్చిందని సర్పంచు చెప్పాడు, తన వల్లేనని హెడ్మాస్టరు గారు చెప్పారు. నన్ను చివర్లో పిలిచారు, దేనికో చెప్పక్కర్లేదు.

ఈసారి మొదటే అధికారి పేరు చెప్పాను. "పోయినసారి ఆపిన వందనం ఇదిగో సార్," అని దండం పెట్టాను. వెంటనే సర్పంచు పేరు, హెడ్మాస్టరు గారి పేరు కూడా చెప్పేశాను. అనుకున్నట్టే అయింది. అధికారి సంతోషంగా జీపు వైపు నడిచాడు, వేదిక మొత్తం ఆయన వెనకే వెళ్ళింది.

కింద జంపఖానా మీద పిల్లల తల్లులు మాత్రం కూర్చునే ఉన్నారు. ఏ సభలోనూ వాళ్ళ పేరు రాదు, అందుకని దేనికోసమూ లేచి నిలబడే అలవాటు వాళ్ళకు లేదు. పెద్దసారు నేర్పిన నిలబడే తీరు వదిలేసి, ఖాళీ వేదికకు వీపు పెట్టి, మైకును వాళ్ళ వైపు తిప్పాను. నా జీవితంలో నాకంటూ ఒక విషయం దొరికింది అప్పుడే.

"అక్కా, అవ్వా, ఎనిమిది వచ్చింది. రేపు గా బెంచీల మీద ఎవలు కూసుంటరు? మళ్ళ మొగపిలగాండ్లేనా?" అన్నాను. "చాట యాడికీ పోదు. గీ ఈడు పోతే మళ్ళ రాదు. నిరుడు చాట పట్టిన పిల్లలను గూడ తోలుండ్రి. పెద్దపిల్లలని సిగ్గుపడకుండ్రి, నేను చూసుకుంట." ఇంకా చాలా చెప్పాను. మా అవ్వతో మాట్లాడినట్టు మాట్లాడాను. గంట కొట్టేవాళ్ళు లేరు. కుర్చీలు మడిచేవాడు కూడా ఆగి విన్నాడు.

ఆ పిల్ల తల్లి కొంగుతో ముఖం తుడుచుకుంటూ లేచింది. "తోల్త పంతులమ్మా. రేపే తోల్త." అంది. మళ్ళీ తనే అడిగింది, "గింత మంచిగ మాట్లాడుతవు గద, ఎప్పుడు జూసినా గా పెద్దసార్లతోనే మాట్లాడ్తివి. గీ మాటలు నిరుడు మా అందరితోని ఎందుకు మాట్లాడకపోతివి? పదిమంది తల్లులం ఉన్నం. వంతులేసుకొని పిల్లలను వాగు దాటియ్యకపోదుమా?"

ఆమె నింద వేయలేదు, ఊరికే అడిగింది. రెండేళ్ళ ఆదివారాలన్నీ ఎటో పోయాయి. తనిఖీ అధికారి ముందు నిలబడినప్పటి నేనే మళ్ళీ అక్కడ నిలబడ్డాను.

తెల్లారి పిల్ల వచ్చింది. తనకంటే ఏడాది చిన్నవాళ్ళ మధ్య ముందు బెంచీలో కూర్చుంది. చేతులు పొగాకు వాసన వేస్తున్నాయి. లెక్క ఇస్తే జవాబుకు ఇదివరకటి కంటే ఎక్కువసేపు పట్టింది. తర్వాత సర్దుకుంది, అది వేరే సంగతి.

క్లబ్బుకు నేను మళ్ళీ వెళ్ళలేదు. వందన సమర్పణకు మనిషి దొరకక సభలు అర్ధాంతరంగా ముగుస్తున్నాయని బావ చెప్పేవాడు. దొరక్కపోతే పోనీ అనుకున్నాను. మా బడి వెనక నుంచి వాగు కనిపిస్తుంది. ఆ వానాకాలమంతా ఇంటర్వెల్లు కొట్టగానే వెళ్ళి దాన్ని చూసేదాన్ని. మోకాలి లోతు దాటి పారిన రోజులు చాలా తక్కువ.