పెద్ద డాక్టరుగారి ఉత్తరం

1964లో నేను కోవూరు దగ్గర సస్యరక్షణ విభాగంలో ఫీల్డ్‌మాన్‌ను. పైరుకు సోకిన తెగులును గుర్తుపట్టి, దగ్గరుండి మందు కొట్టించడం నా పని. మాకు ఆ విద్య నేర్పిన శాస్త్రవేత్త అప్పటికి చనిపోయి రెండేళ్లయింది. రైతులు ఆయన్ను పెద్ద డాక్టరుగారు అనేవాళ్లు. ఆ పేరు చెప్పి పెంచలరెడ్డిగారు నన్ను విసిగించినంతగా మరే తెగులూ విసిగించలేదు.

రెడ్డిగారి మొలగొలుకుల వరి పైరులో ఆకుల మీద నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించాయి. నడుమ బూడిద రంగు. అగ్గి తెగులే, అనుమానం లేదు. మేం బ్లాస్ట్ అంటాం. వెన్ను మెడకు పాకితే కంకి విరిగి తాలుపోతుంది. వెంటనే బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు, కొట్టించమన్నాను.

“మా మడికి మందక్కరలేదని పెద్ద డాక్టరుగారే రాసిచ్చినాడబ్బయా. ఆయనకంటే నీకెక్కువ తెలుసునా?” అంటూ గోడకు పటం కట్టించి పెట్టుకున్న ఉత్తరం చూపించారు. ఆయనకు చదువు రాదు. ఎవరో చదివి వినిపించిన పై రెండు వరుసలు మాత్రం కంఠతా వచ్చు.

రెండోసారి వెళ్లినా అదే మాట. మూడోసారి మచ్చలున్న ఆకు తెంపుకొచ్చి చేతిలో పెట్టాను. దాన్ని చూడనైనా చూడలేదు.

“నేను ఆయన శిష్యుణ్నండీ!” అని అరిచాను.

“శిష్యుడివై ఉండి గురువు మాట కాదంటావా?”

లోపల్నుంచి ఆయన భార్య వెంకమ్మగారు వచ్చి, పటం దించి నా ఒళ్లో పెట్టారు.

“మీ అరుపులకు తల పగలతా ఉంది. అందులో ఏముందో మొత్తం చదువు నాయనా.”

ఆ ఉత్తరం మాటెత్తితేనే నాకు ఒళ్లు మండేది. మూడుసార్లు వచ్చీ ఒక్కసారీ చదవలేదు. ఇప్పుడు పైకి చదివాను. ఆయన రాసిన ఏటి మచ్చలు నేలలో సారం చాలక వచ్చినవట, మందు వద్దని రాశారు. అడుగున చిన్న అక్షరాలు: “ఇది ఈ పంటకే. వచ్చే పంటలో మచ్చ కనిపిస్తే ఈ ఉత్తరం చూడొద్దు, ఆకు చూడండి.”

రెడ్డిగారు నా మీదే విరుచుకుపడ్డారు.

“చదువుకున్నోడివి, మొదటి రోజే చదివి చెప్తే ఆపొద్దే మందు కొట్టించుండనా?”

పటం వెంకమ్మగారి చేతికిచ్చి, మందు సిద్ధం చేయడానికి లేచాను.

మర్నాడు పొద్దున్నే కొట్టించాం. కాలవ పక్క మడి అప్పటికే మెడవిరుపుతో పోయింది. తక్కిన రెండు మళ్లూ దక్కాయి.

ఆ తర్వాత సర్వీసులో చాలామంది రైతులు నా మాట కాదన్నారు. వాళ్లను మొండివాళ్లని తిట్టుకునే ముందు, దేన్ని నమ్మి కాదంటున్నారో అడిగి, అది పూర్తిగా విన్నాకే నోరు తెరవడం అలవాటు చేసుకున్నాను.