గట్టు మీది కత్తియుద్ధం

2000 జూలైలో నన్ను వినుకొండలో ఒక బాలికల జూనియర్ కాలేజీకి పీడీగా, అంటే వ్యాయామ అధ్యాపకురాలిగా వేశారు. ఆటల గదిలో ఫెన్సింగ్ కత్తులు రెండున్నాయి, మాస్కు ఒక్కటే ఉంది. నేర్చుకుంటామన్న అమ్మాయిలు ఆరుగురు. ఒక్క మాస్కుతో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టే ధైర్యం నాకు లేదు. రెండోది వచ్చేదాకా ఫుట్‌వర్క్, అంటే అడుగుల సాధన చేయించి, పోటీలు మాత్రం కాగితం మీద ఆడించాను.

ఆ ఆట నేనే తయారుచేశాను. ఒక్కొక్కరూ ఒక్కో కోట వీరనారి. నేను కథ చెబుతుంటే తన పాత్ర ఏం చేస్తుందో ఆ అమ్మాయే చెప్పాలి. దెబ్బ తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. మధ్యాహ్నాలు వరండాలో కూర్చుంటే, పత్తి లారీల నుంచి రాలిన దూది గాల్లో తేలుతూ వచ్చి మా కాగితాల మీద వాలేది. కాసేపటికి ఎదురుగా ఉన్న కొండ మా కోట అయిపోయేది. నా గొంతు నాకే ఎక్కడి నుంచో వినిపించేది. ఆ మగత తలుచుకుంటే ఇప్పటికీ హాయిగా ఉంటుంది.

ఆయుధాల నియమాల్లో మాత్రం తప్పు చేశాను. ఫాయిల్ అనే తేలిక కత్తి మొండెం మీద తగిలితేనే లెక్క. ఎపే అనే బరువు కత్తికి ఒళ్ళంతా గురే. ఫాయిల్‌కి ఇంకో నియమం ఉంది: ఇద్దరికీ ఒకేసారి తగిలితే ముందు దాడికి దిగినవారిదే పాయింటు, ఎదుటివారికి పాయింటు రావాలంటే ముందు ఆ కత్తిని పక్కకు తోసి, తర్వాత కొట్టాలి. ఇది పిల్లల బుర్రకెక్కదని వదిలేశాను. ఇంకేముంది, ఐదుగురు ఎపే పట్టారు. ఫాయిలే కావాలన్న నాగలక్ష్మి, మిరప రైతు కూతురు, ఆటలో రోజూ చచ్చి, మర్నాడు కొత్త పేరుతో వచ్చేది.

వారం తర్వాత, "రేపట్నించి నేను రానండి మేడం" అంది. ఆరుగురిలో ఫుట్‌వర్క్ కుదిరింది ఆ పిల్లకే. నాకు భయమేసింది.

ఎపే పాయింట్లు తగ్గించి చూశాను. అందరూ ఫాయిల్‌కి ఎగబడ్డారు, ఆట చప్పబడింది. చివరికి వదిలేసిన నియమం చెప్పి, అర్థం కాదేమో అన్నాను.

"ఇందులో ఏముందండీ?" అంది నాగలక్ష్మి. "గట్టు మీద ఎదురుపడితే తట్ట నెత్తినున్నోళ్ళకి దారిస్తాం. దారి ఎవరిదో చూస్తాం గానీ బలం ఎవరిదని చూడం గదా."

పాత పాయింట్లే ఉంచి, ఫాయిల్‌కి తొలి అడుగు ఇచ్చాను. దాని దాడిని పక్కకు తోశాకే ఎపే కొట్టాలి.

మర్నాడు నాగలక్ష్మి వచ్చింది. ఆ రోజూ ఓడిపోయింది గానీ చావలేదు. ఆ తర్వాత పేరు మార్చుకోలేదు.

కష్టమని నేను తీసేసిన నియమమే ఫాయిల్‌ని కాపాడేది. గట్టు మీది పద్ధతిగా అది వాళ్ళకు ముందే తెలుసు, అడగనిది నేనే. ఆ తర్వాత సర్వీసులో ఏ ఆట నేర్పినా, పిల్లలకు ఎక్కదని ఒక్క నియమం కూడా తీసెయ్యలేదు.