సీసాలో పట్టేంత పిందె

కర్ణాటకలో గూళూరు దగ్గరి మా చేలో ఆ ఏడు రాగి వేయలేదు. బోరులో మిగిలిన కాసిని నీళ్ళూ మిడి సౌతెకే పెట్టాం. అదొక రకం దోస. ఊరబెట్టి, సీసాల్లో నింపి పైదేశాలకు పంపుతారు. విత్తనమిచ్చేదీ, కాయ కొనేదీ కంపెనీయే. ఇక్కడి సంతలో పెడితే ఎవరూ ముట్టరు.

మొదటి రెండు కోతలూ వెనక్కి వచ్చాయి. తప్పు మాదే. మా ఇంట్లో తీగ మీది పిందె తెంపరు. ఉసురు తగులుతుందని అత్త నమ్మకం, నాదీ అదే. అందుకే పిందెలను ఆకుల చాటున వదిలేసి, గుప్పిటనిండా వచ్చే కాయలు ఏరి బస్తాలు నింపాం.

కాయలు తీసుకునే షెడ్డులో కంపెనీ మనిషి ఒక కాయను పైకెత్తి నవ్వాడు.

"ఏమమ్మా, సాంబారుకు తెచ్చినట్లుండాది! ఇంకో తూరి ఇట్ల తెస్తే మీ చేను లిస్టులోనుంచి తీసేస్తారు."

తీసేస్తే రాగీ లేదు, ఇదీ లేదు. పెట్టిన నీళ్ళు మళ్ళీ రావు.

అతనిచ్చిన కన్నడ చీటీ చదివాను. బడి మొహం చూడని నాకు రెండు భాషలూ ఇంట్లోనే నేర్పిన మా నాయనకు దండం. చిటికెనవేలంత పిందెకే అన్నిటికన్నా ఎక్కువ ధర. కాయ పెరిగేకొద్దీ ధర తగ్గుతోంది. నాకు వింతగా తోచింది.

"ఎందుకప్పా ఇట్ల?"

"సీసాలో వరసగా పట్టాల కదమ్మా."

"ఆ సీసా ఆడ ఎంతకమ్ముతారు?"

"మాకూ చెప్పరు. మీ బస్తా దుడ్డుతో ఆడ ఒడినిండా సీసాలు కూడా రావంట."

"తినేవాళ్ళకు మా ఊరు తెలుసునా?"

"దేశం పేరుంటాదేమో, సన్నక్షరాల్లో."

"నువ్వు తిన్నావా?"

"నోట్లో పెట్టుకోని ఊసేసినా. వట్టి పులుపు!"

ఖాళీ సీసా ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అత్త దాని మూతిలో బొటనవేలు దూర్చి చూసింది.

"దీనికోసరమా పెరిగే బిడ్డను తుంచేది? పెద్ద సీసా చేసుకునేకి వాళ్ళకేం రోగం?"

నాకూ అదే సందేహం. వాళ్ళ సీసాను బట్టి మా కాయ ఎదగడం ఆపాలి. మా కాయను బట్టి సీసా ఎందుకు మారదు? అడుగుదామంటే ఆ సీసా చేసినవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియదు.

మర్నాడు పొద్దున అత్త తీగకు చేతులు జోడించి, "తప్పైపోయింది తల్లీ" అని మొదటి పిందె తెంపింది. సీసాను చీర కొంగులో కట్టుకుని, అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ అందులో దూర్చి చూసింది. ఆ కోత మొత్తం తీసుకున్నారు. మా చేను లిస్టులో నిలిచింది. స్వామి దయ.

అయితే అత్త తీగల వరసకొకటి చొప్పున పిందెలు వదిలేసిందని నాకు తర్వాత తెలిసింది. అవి లావెక్కి, పసుపు తిరిగి, నేలకు వాలాయి. సీసాల్లోంచి పిందెలు తినేవాళ్ళు, పూర్తిగా పెరిగితే అవెలా ఉంటాయో చూసి ఉండరు. ఒకటి దేవుడి ముందు పెట్టి, తర్వాత పప్పులో వేశాం. కాస్త చేదు. అత్త మాత్రం రెండోసారి వడ్డించుకుంది.