అద్దం బల్ల దగ్గర పెళ్లిచూపులు

మా నాయన చిత్తూరులో బెల్లం వ్యాపారి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఏదో పని మీద మద్రాసు వెళ్లి, వచ్చేటప్పుడు లారీలో ఒక డైనింగ్ టేబుల్ వేయించుకొచ్చాడు. పైన మందపాటి అద్దం పలక, కింద వంపులు తిరిగిన రెండు స్టీలు కాళ్లు, తలదాకా ఎత్తున్న నల్ల కుర్చీలు. మా వీధిలో అలాంటిది ఎవరింట్లోనూ లేదు. అప్పటిదాకా మేం వంటింట్లో చాప మీదే కూర్చుని తినేవాళ్లం.

మా నాయనమ్మను అవ్వా అని పిలిచేదాన్ని. అవ్వ బల్ల చుట్టూ తిరిగి, వంగి చూసింది.

"ఏమప్పా, పైన సంగటి పెట్టుకుంటే కింద మన కాళ్లు అగుపిస్తా ఉండాయే! ఎట్ల తినేది?"

అమ్మ పూల దుప్పటి తెచ్చి కప్పబోయింది. నాయన ఒప్పుకోలేదు.

"దుప్పటి కప్పేదానికా అంత దూరం నుంచి తెచ్చింది? అట్లే ఉండనీ. వచ్చినోళ్లు సూడనీ."

ఆ తర్వాత కొద్ది రోజులకే నాకు పెళ్లిచూపులు. అబ్బాయి తిరుపతిలో కాలేజీ లెక్చరర్, సొంతూరు సత్యవేడు. వాళ్లమ్మా నాయనలతో వచ్చాడు. నాయన అందర్నీ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు. అమ్మ ప్లేట్లలో తలా ఒక నిప్పట్టు పెట్టింది. నేను కాఫీలిచ్చి, అబ్బాయికి ఎదురుగా తల దించుకుని కూర్చున్నాను.

తల దించుకున్నానే గానీ, అద్దంలోంచి అబ్బాయి ఒడి స్పష్టంగా కనిపిస్తోంది. ఒడిలో పరిచిన చేతిరుమాలు. అందులో ఒక నిప్పట్టు!

బియ్యప్పిండిలో వేరుశనగ పప్పులు, నువ్వులు వేసి అమ్మ చేసే నిప్పట్లు కరకరలాడుతాయి, కానీ బాగా గట్టి. అబ్బాయి ప్లేటు ఖాళీ అయిందని మురిసిపోయి, అమ్మ ఇంకొకటి వేసింది. అతను దాన్ని నోటిదాకా తీసుకెళ్లాడు, చిన్నగా దగ్గాడు, చెయ్యి కిందికి దించాడు. రుమాల్లో రెండోది చేరింది.

"బాగుండాయా నాయనా? ఇంకోటి పెట్టుకో" అంది అమ్మ.

మూడోది కూడా అదే దారి పట్టేసరికి నేనిక ఆపుకోలేకపోయాను. ఫక్కున నవ్వేశాను.

నాయన గుడ్లురిమాడు. వాళ్లమ్మ మొహం మాడిపోయింది.

"ఏం పాపా, ఎందుకు నవ్వినావు?" అంది అవ్వ.

నేను అతని ఒడి వైపే చూశాను. అతనూ కిందికి చూసుకున్నాడు. మొహం కందిపోయింది. మెల్లగా రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అద్దమని మర్చిపోయినాను. పన్ను నొప్పిగా ఉండాది, ఏమీ కొరకలేకుండా ఉండాను. వద్దంటే బాగుండదని..."

"నాకైనా చెప్పలేదే రా!" అని వాళ్లమ్మే ముందు నవ్వింది. ఇక ఎవరూ ఆగలేదు. అవ్వ పెరుగన్నం మెత్తగా పిసికి తెచ్చి, పంటి కింద పెట్టుకోమని ఒక లవంగం కూడా ఇచ్చింది. అతను మొహమాటం లేకుండా మళ్లీ పెట్టించుకుని తిన్నాడు.

పెద్దవాళ్లు మాటల్లో పడ్డాక నన్ను మెల్లగా అడిగాడు: "ఇంకేమేం సూసినారు?"

"మీ కాళ్లు వణకతా ఉన్నింది సూసినాను."

"మీవి ఇప్పటికీ వణకతానే ఉండాయి" అన్నాడు.

చూసుకుంటే నిజమే. ఇద్దరం నవ్వుకున్నాం. ఇతనైతే బాగుంటుందని నాకు అప్పుడే అనిపించింది.

బయలుదేరేటప్పుడు వాళ్ల నాయన మా నాయనను పక్కకు పిలిచాడు. ఏమంటాడోనని అమ్మ తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడింది.

"పిల్ల మాకు నచ్చిందప్పా, మంచి రోజు సూసుకుందాం. అది సరే గానీ, ఈ టేబులు మద్రాసులో యాడ కొన్నారు?"

నాయన సంతోషం పట్టలేక ఆ రెండో మాటే వీధంతా చెప్పుకుని తిరిగాడు. పెళ్లి కుదిరిందన్న కబురు అమ్మే అందరికీ చెప్పుకోవలసి వచ్చింది.